పోయి మళ్లీ చూడు

(నల్లగొండలో జంతుశాస్త్ర విద్యార్థులు, ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో నిలబడి ఉన్న మత్స్య సహకార సంఘం సభ్యులకు ప్రత్యేకంగా నమస్కారం. చేపల గురించి మాట్లాడుతుంటే రోజూ నీళ్లలోకి దిగేవాళ్లు వినడానికి రావడం నాకు గౌరవం. అయ్యా, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

నా మాటలు మా ఊరి బావి దగ్గర మొదలవుతాయి. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఎండాకాలం సెలవుల్లో మోట బావిలో ఈత నేర్చుకున్నాను. నడుముకు బెండ్లు కట్టి మా చిన్నాన్న గట్టు మీద నుంచి తోసేవాడు. ఈత వచ్చింది, బెండ్లు విప్పేశారు. కానీ నాకు ఈదడం కన్నా మెట్ల మీద కూర్చుని నీళ్లలోకి చూడటం ఎక్కువ ఇష్టమైంది. ఒక మధ్యాహ్నం, నీళ్లలో మునిగిన రెండో మెట్టు దగ్గర బూడిద రంగు చేప ఒకటి నిలబడి ఉంది. దాని మూతి ముందు నువ్వులు చల్లినట్టు చిన్న చిన్న పిల్లలు. పైనుంచి లకుముకి పిట్ట నీడ పడింది. చేప నోరు తెరిచింది. రెప్ప వేసేలోగా పిల్లలన్నీ ఆ నోట్లోకి పోయాయి.

నేను ఇంటికి పరుగెత్తాను. చేప తన పిల్లల్ని తినేసిందని నాయనమ్మకు చెప్పాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే, "తల్లి తింటుందా? దాచుకుని ఉంటుంది. పోయి మళ్లీ చూడు" అంది. వెళ్లి చూశాను. పిల్లలు బయట ఉన్నాయి, తల్లి మూతి ముందే ఆడుతున్నాయి.

ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం బోధించాను. ప్రయోగశాలలో పిల్లలకు నేను ఎక్కువ సార్లు చెప్పిన మాట అదే, పోయి మళ్లీ చూడు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. చేపను కోసి చూడటం మన సిలబస్‌లో ఉంది. గాజు తొట్టిలో పెట్టి చూడటం మన ఇళ్లలో ఉంది. బతికి ఉన్న చేపను అది బతికే చోట, దాన్ని ముట్టుకోకుండా, గంటల తరబడి చూడటం మాత్రం మన దగ్గర చాలా తక్కువ. అలా చూడటానికి ప్రపంచంలో చాలా మంచి చోట్లలో ఒకటి మెక్సికోలో ఉంది. రెండోది మీ ఊళ్లో, పొలం గట్టు దాటాక, తుమ్మ చెట్ల వెనక ఉంది. రెండిటి గురించీ చెబుతాను.

మా అమ్మాయి అమెరికాలో ఉద్యోగం చేస్తోంది. కొన్నేళ్ల కిందట మేం వెళ్లినప్పుడు, అక్కడి నుంచి మమ్మల్ని మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పానికి తీసుకెళ్లింది. అందరూ చిచెన్ ఇట్జా పిరమిడ్ చూడటానికి వెళతారు. నేను అడిగింది అక్కడి గుండాలు.

స్పానిష్‌లో వాటిని సెనోతేలు అంటారు. మాయా భాషలోని ట్సోనోత్ అనే మాట నుంచి వచ్చింది. మన భాషలో దగ్గరి మాట గుండమే. చైత్రంలో సలేశ్వరం లోయలోకి దిగినవాళ్లకు గుండం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. అయితే సలేశ్వరం గుండాన్ని పైనుంచి పడే నీరు తొలిచింది. సెనోతేను నేల కింది నీరు తొలుస్తుంది. యుకటాన్ అంతా సున్నపురాయి. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలోకి దిగి, కొంచెం కొంచెంగా రాయిని కరిగిస్తుంది. వేల ఏళ్లకు నేల కింద గుహలు ఏర్పడతాయి. గుహ పైకప్పు పలచబడి ఒక రోజు కూలిపోతుంది. అడవి మధ్యలో నేల నోరు తెరిచినట్టు గుండ్రటి గొయ్యి, అడుగున అద్దంలాంటి భూగర్భజలం. అదే సెనోతే. యుకటాన్ ఉత్తర భాగంలో నేల మీద పారే నది ఒక్కటీ లేదు. పడిన వానంతా లోపలికే ఇంకుతుంది. అందుకే మాయా ప్రజలు ఊళ్లను ఈ గుండాల పక్కనే కట్టుకున్నారు.

ఇంకొక సంగతి పిల్లలకు నచ్చుతుంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట రాక్షసబల్లుల కాలాన్ని ముగించిన గ్రహశకలం పడింది అక్కడే. దాదాపు 180 కిలోమీటర్ల వెడల్పున్న ఆ బిలం ఇప్పుడు కంటికి కనిపించదు, దాని మీద సున్నపురాయి పొరలు పేరుకున్నాయి. కానీ బిలం అంచు నేల కింది నీటి దారిని మళ్లించింది. ఆ అంచు వెంట గుండాలు వరుసగా, విల్లు వంచినట్టు ఏర్పడ్డాయి. పటంలో చూస్తే పాత దెబ్బ ఆనవాలు స్పష్టంగా తెలుస్తుంది.

మరి నల్లగొండలో ఇలాంటి గుండాలు ఎందుకు లేవు? మన కింద ఉన్నది గ్రానైటు. అది వాన నీటికి కరగదు, పగులుతుంది. ఆ పగుళ్లలో నిలిచిన నీరే మన బావుల్లో పడే జల. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచే మర్రిగూడ, నాంపల్లి వైపు నీళ్లలోకి ఫ్లోరైడు దిగింది. ఆ బాధ ఈ సభలో చాలామందికి సొంత ఇంటి బాధ, నేను వివరించనక్కర్లేదు. కృష్ణ ఒడ్డుకు వెళితే రాయి మారుతుంది. మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతం సున్నపురాయి, అందుకే అక్కడ సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. పడమట మన ఇళ్లలో పరుచుకునే తాండూరు బండ కూడా సున్నపురాయే. కృష్ణ దాటి కొలిమిగుండ్ల దాకా పోతే బెలుం గుహలు. కొలిచిన పొడవే 3,229 మీటర్లు. నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ పోయిన దారి అది. మనం ఆ గుహలోకి దిగేది పైకప్పు కూలిన గొయ్యిలోంచే. ఆ గొయ్యి నీళ్లతో నిండి ఉందనుకోండి, సెనోతే ఎలా ఉంటుందో మీకు తెలిసిపోయినట్టే.

ఇప్పుడు చేపల దగ్గరికి వస్తాను.

తులుం అనే ఊరి నుంచి కోబా వెళ్లే రోడ్డు పక్కన అక్తున్ హా అనే గుండం ఉంది. గుహలోని నీరు అని అర్థం. ఒకప్పుడు టాక్సీ డ్రైవర్లు అక్కడ కార్లు కడుక్కునేవారు కాబట్టి దానికి కార్ వాష్ అనే పేరూ పడింది. మన చెరువు అలుగు కింద లారీలు కడగడం గుర్తొచ్చింది నాకు. ఇప్పుడు అలాంటివి సాగనివ్వరు. చాలా గుండాల దగ్గర నీళ్లలోకి దిగేముందు స్నానం చేసి, ఒంటికి పూసుకున్న క్రీములన్నీ కడుక్కోవాలి. గుండం నీరు ఊరి తాగునీటితో కలిసి ఉంటుంది మరి.

నీళ్ల మీద బోర్లా పడుకుని, ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని కిందికి చూశాను. కలువ ఆకుల కాడలు తాళ్లలా కిందికి దిగుతున్నాయి. వాటి మధ్య అరచేయంత చేప ఒకటి. ఒంటి మీద నిలువు చారలు. తోక మొదట్లో గుండ్రటి నల్ల మచ్చ, చుట్టూ నీలి అంచు, అచ్చం నెమలి కన్ను. దాని శాస్త్రీయ నామంలో యురోఫ్తాల్మస్ అనే భాగం ఉంది. తోకకన్ను అని అర్థం. 1862లో గుంథర్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. మాయా సిక్లిడ్ అంటారు. నేనైతే నా నోటు పుస్తకంలో తోకకన్ను అనే రాసుకున్నాను. ఆ కన్ను చూసి తల ఎటుందో వేటాడే చేప పొరబడుతుందని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం దాన్ని చూడగానే పొలంలో దిష్టిబొమ్మ గుర్తొచ్చింది.

మరో గుండంలో, నడుము లోతు నీళ్లలో, నేను ఎక్కువసేపు గడిపింది ఇంకో జాతితో. ఇంగ్లిష్‌లో ఫైర్‌మౌత్ అంటారు, నిప్పు నోరు అనుకోండి. వేలెడు కన్నా కొంచెం పెద్దది. దవడ నుంచి పొట్ట దాకా కాలిన ఇటుక రంగు. ఒక జంట పలక రాయి పక్కన పిల్లల్ని మేపుతోంది. పిల్లలు అప్పుడప్పుడే ఈదడం మొదలుపెట్టినవి, రాయి మీద పొగ కదిలినట్టు ఉన్నాయి. వెండి పరకల గుంపు ఒకటి దగ్గరికి వచ్చింది. అస్త్యానాక్స్ అనే జాతి, ఆ గుండాలన్నిటా ఉంటుంది, పిల్లల్ని ఇట్టే మింగేస్తుంది. మగ నిప్పు నోరు ఎదురు వెళ్లింది. దవడ కింది చర్మాన్ని సంచిలా ఉబ్బించి, మొప్పల మూతలు రెండూ తలుపుల్లా తెరిచింది. ఆ మూతల అంచున ఒక్కో నల్ల మచ్చ ఉంటుంది. ఎదుటి చేప వైపు నుంచి చూస్తే ఎర్రటి పెద్ద ముఖం, దానికి ఎడంగా రెండు నల్లటి కళ్లు. వేలెడంత చేప ఒక్క క్షణంలో గుప్పెడంత మృగమైంది. పరకలు వెనక్కి తిరిగాయి. అదే సమయంలో ఆడది పొత్తికడుపు రెక్కల్ని టకటకా విదిలించింది. పొగలా పరుచుకున్న పిల్లలు ఒక్కసారిగా ముద్దగా దగ్గరపడి నేలకు అతుక్కున్నాయి. తల్లి పిలుపు అది. శబ్దం లేదు. రెక్క విదిలింపే వాటి భాష.

గట్టు ఎక్కి నోటు పుస్తకంలో రాసుకున్నాను, మగది కాపలా, ఆడది పెంపకం అని. మర్నాడు అదే చోటికి వెళ్లాను. మగది లేదు, ఎటో పోయింది. పరకలు వచ్చాయి. ఈసారి ఆడదే దవడ ఉబ్బించి, మొప్పలు తెరిచి ఎదురు వెళ్లింది. కాసేపటికి మగది తిరిగి వచ్చి పిల్లల మధ్యకు చేరి, మట్టి నోటితో ఎత్తి జల్లెడ పట్టినట్టు వదిలింది. ఆ మట్టిలోంచి రేగిన సూక్ష్మజీవుల కోసం పిల్లలు ఎగబడ్డాయి. నేను ముందు రోజు రాసింది కొట్టేశాను. నలభై నిమిషాల చూపుతో ఒక కుటుంబం గురించి తీర్పు రాశాను, అది తప్పు. ఆ రెండో రోజు లేకపోతే ఆ తప్పుతోనే ఇంటికి వచ్చేవాణ్ణి, మీకు ఇక్కడ అదే చెప్పేవాణ్ణి.

వెలుతురు అందని లోపలి గుహల్లో కళ్లు లేని చేపలు రెండు జాతులు ఉన్నాయి. నేను చూడలేదు. అక్కడికి గుహల్లో ఈదడంలో శిక్షణ పొందినవాళ్లే వెళ్లాలి. సిక్లిడ్‌లు మాత్రం ఎండ పడే నోటి దగ్గరే ఉంటాయి, ఎందుకంటే వాటి వ్యవహారమంతా చూపుతోనూ రంగుతోనూ నడుస్తుంది.

సిక్లిడ్ అనే మాట వాడుతున్నాను, దాని గురించి రెండు మాటలు. అది ఒక చేపల కుటుంబం పేరు, తోకకన్ను, నిప్పు నోరు రెండూ అందులోవే. ఇప్పటిదాకా పేర్లు పెట్టినవే 1,700కు పైగా జాతులు. ఆఫ్రికా, మధ్య, దక్షిణ అమెరికాలు వీటి పెద్ద ఇళ్లు. ముక్కు రంధ్రాలు చాలా చేపలకు ఒక్కో పక్క రెండేసి ఉంటే వీటికి ఒక్కొక్కటే. గొంతులో రెండో దవడ ఉంటుంది. ముందు దవడ పట్టుకుంటే గొంతు దవడ నూరుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇవి పిల్లల్ని పెంచుతాయి. పిల్లల్ని కాచే చేప మనకు కొత్త కాదు. మన రాష్ట్ర చేప కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపు కింద కాపలా తిరగడం ఇక్కడి జాలరి సోదరులు ఎన్నిసార్లు చూసి ఉంటారో. ఇంత పెద్ద కుటుంబంలో దాదాపు అందరూ ఏదో ఒక రకంగా పిల్లల్ని కాచేవాళ్లే కావడం మాత్రం సిక్లిడ్‌ల ప్రత్యేకత.

మన దేశానికి సొంత సిక్లిడ్‌లు మూడే. కేరళలో కరిమీన్ అని గొప్పగా చెప్పుకునేది వాటిలో ఒకటి, ఆ రాష్ట్ర చేప కూడా అదే. ఆంధ్ర తీర జిల్లాల ఉప్పుటేర్లలోనూ దొరుకుతుంది. ఈ మూడిటికీ దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? మడగాస్కర్‌లో. ఈ మూడింటిలో నారింజ రంగు చిన్న జాతి ఒకటి ఉంది. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును కొరికి తింటూ పెరుగుతాయి. పాలు లేని చేప పాలిచ్చినట్టే.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ నీళ్లలో కనిపించే సిక్లిడ్ మాత్రం వలస వచ్చినది. మొజాంబిక్ తిలాపియా. కొన్నిచోట్ల జిలేబీ చేప అంటారు. పుట్టిల్లు ఆగ్నేయ ఆఫ్రికా నదులు. 1952లో మన దేశానికి తెచ్చారు. మా బావిలో నేను చూసిన తల్లి చేప అదే.

ఇక బావి దగ్గరికి రండి. నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త ఎడంగా, రాతితో కట్టిన దిగుడు బావి ఒకటి ఉంది. ఏ ఊరో కావాలనే చెప్పడం లేదు. మోట ఆగిపోయి దశాబ్దాలైంది, బోర్లు వచ్చాక ఎవరూ దిగడం లేదు. గత మాఘ మాసంలో మూడు రోజులకు ఒకసారి చొప్పున, నెల పైగా అక్కడికి వెళ్లాను. వానాకాలంలో వెళితే లాభం లేదు, కొత్త నీరు ఎర్రగా ఉంటుంది. కార్తీకం దాటాక మట్టి దిగి నీరు తేటపడుతుంది. మాఘం చివర ఎండ ముదిరే కొద్దీ చేపలకు పెళ్లిళ్ల కాలం మొదలవుతుంది.

నీళ్లలో మునిగిన మూడో మెట్టు మీద ఒండ్రు జానెడు మందాన పేరుకుని ఉంది. దాని మీద మగ తిలాపియా ఒకటి పళ్లెంలాంటి గుంత తవ్వుతోంది. మామూలు రోజుల్లో బూడిద రంగులో ఉండే చేప అప్పుడు నల్లగా బొగ్గులా ఉంది. గడ్డం కింద మాత్రం తెలుపు. వీపు రెక్క అంచున, తోక అంచున కుంకుమ గీత. తలకిందులుగా నిలబడి నోటి నిండా ఒండ్రు ఎత్తడం, గుంత అంచు దాకా ఈది ఉమ్మడం, మళ్లీ రావడం. గడియారం పెట్టుకుని లెక్కేస్తే ఐదు నిమిషాల్లో పదకొండు సార్లు. మధ్యలో పక్క మెట్టు మీది మగది సరిహద్దు దాటితే మూతి మూతి పట్టుకుని తోసుకోవడం. గుంత మూరెడు వెడల్పు అయ్యేసరికి రెండు ఉదయాలు పట్టింది.

ఆడది వచ్చింది. తోక పై మూల చిన్న చీలిక ఉంది దానికి, ఆ గుర్తుతోనే తర్వాత నెలంతా దాన్ని పోల్చుకున్నాను. రెండూ గుంతలో గుండ్రంగా తిరిగాయి. ఆడది కొన్ని గుడ్లు వదిలింది. వదిలిన వెంటనే వెనక్కి తిరిగి నోట్లోకి ఎత్తుకుంది. మగది పక్కనే ఉండి తన పని చేసింది. మళ్లీ కొన్ని గుడ్లు, మళ్లీ నోట్లోకి. పావుగంట గడవకముందే ఆడది లోతులోకి వెళ్లిపోయింది. మగది అక్కడే నిలబడి వేరే ఆడదాని కోసం ఎదురుచూసింది. గూడు కట్టిన తండ్రి గూట్లోనే మిగిలాడు, సంసారమంతా తల్లి నోట్లో పెట్టుకుని వెళ్లింది. గుండంలో నిప్పు నోరు జంట చేసేదానికి ఇది పూర్తిగా వేరు. రెండూ సిక్లిడ్‌లే.

మూడు రోజుల తర్వాత చూస్తే తోక చీలిన తల్లి రాతి గోడ నీడలో ఉంది. దవడ కింద సంచి దిగినట్టు ఉబ్బు. నమిలినట్టు దవడ ఆడిస్తోంది, కానీ తినడం లేదు. నోట్లోని గుడ్లను అటూ ఇటూ దొర్లించి గాలి ఆడేలా చేస్తోంది. చుట్టూ మిగతా చేపలు నాచు గోకి తింటున్నాయి, ఇది మాత్రం దాని మూతి ముందుకు కొట్టుకొచ్చిన పురుగును కూడా ముట్టలేదు. ఇలా మూడు వారాలు ఉపవాసం. నేను వెళ్లిన ప్రతిసారీ దాని పొట్ట కాస్త లోపలికి పోయి, తల పెద్దదైనట్టు కనిపించేది. ఇరవై రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి నోరు తెరిచింది. నువ్వులు చల్లినట్టు పిల్లలు. నాకు పన్నెండేళ్ల వయసు మళ్లీ వచ్చింది. ఆ మెట్టు మీద కూర్చుని నాయనమ్మను తలచుకున్నాను.

ఎలా చూడాలో అడుగుతారు కాబట్టి చెబుతాను. ముందు మీ నీడ నీళ్ల మీద పడకూడదు. నిలబడి చూస్తే చేపకు మీరు కనిపిస్తారు, మెట్టు మీద ఒదిగి కూర్చుంటే దాదాపు కనిపించరు. ఇందులో భౌతికశాస్త్రం ఉంది. కాంతి నీళ్లలోకి వంగి దిగుతుంది కాబట్టి, నీటి కింద ఉన్న చేపకు పై ప్రపంచమంతా తల మీద దాదాపు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో ఇమిడిపోతుంది. నేలబారుగా ఉన్నవి ఆ కిటికీ అంచున నలిగిపోయి కనిపిస్తాయి. మీరు ఎంత కిందుగా ఉంటే అంత మంచిది. వెళ్లిన మొదటి ఇరవై నిమిషాల్లో చూసింది లెక్కలోకి తీసుకోవద్దు, అప్పుడు చేపలు మిమ్మల్ని చూస్తుంటాయి. అవి మిమ్మల్ని మరిచిపోయాక మీ పని మొదలవుతుంది. నీటి మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు దొరికితే పెట్టుకోండి, లోపలి దృశ్యం తెర తీసినట్టు కనిపిస్తుంది. ఒక చేపనే ఎంచుకోండి, దానికి ఏదైనా గుర్తు పట్టుకోండి. టైము, నీటి వేడి, ముడులు వేసిన తాడుతో లోతు, ఏం చేసింది, ఎన్నిసార్లు చేసింది, అంతే రాయండి. ఎందుకు చేసిందో ఆ రోజు రాయకండి. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న టిన్‌బెర్గెన్, లోరెంజ్, ఫ్రిష్ ముగ్గురూ జంతువుల నడవడికను ఓపికగా గమనించినవాళ్లే.

ఒక హెచ్చరిక. దిగొద్దు. మెక్సికోలో నేను నీళ్లలోకి దిగింది కాపలాదార్లు, తాళ్లు, గట్టి మెట్లు ఉన్నచోట. మన పాత బావుల మెట్లు జారుడు, రాళ్లు వదులు. క్వారీ గుంతల సంగతి ఇంకా ఘోరం. నిటారు గోడలు, ఎక్కడానికి పట్టు ఉండదు. ఈత వచ్చిన పిల్లలు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. మెట్లు లేని చోటికి వెళ్లకండి, ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకండి. చేపను చూడటానికి పొడి మెట్టు చాలు.

తిలాపియాను ఇంత ప్రేమగా చెబుతున్నానని జాలరి సోదరులు నన్ను తప్పుగా అనుకోవద్దు. చెరువులో బొచ్చె, రవ్వ పిల్లలు వదిలితే వాటి మేత ఇది తినేస్తుందని, చిన్న సైజులోనే పిల్లలు పెట్టి చెరువంతా బొటనవేలంత చేపలతో నింపేస్తుందని మీరు చెప్పేది అక్షరాలా నిజం. ప్రపంచంలో అతి హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో మొజాంబిక్ తిలాపియా పేరు ఉంది. నన్ను కలచివేసే సంగతి ఇంకొకటి. ఇదే చేప సొంత ఊళ్లో ప్రమాదంలో పడింది. అక్కడి నదుల్లో నైలు తిలాపియాను వదిలారు. రెండూ కలిసి సంకరమై, అసలు జాతి కరిగిపోతోంది. తోకకన్ను కూడా అంతే. యుకటాన్ గుండంలో అది ఇంటి బిడ్డ. 1983లో ఫ్లోరిడా నీళ్లలో కనిపించినప్పటి నుంచి అక్కడ చొరబాటుదారు.

గుండాల చేపల్లో అన్నిటికన్నా నాజూకు కథ ఆఫ్రికాలోది. నమీబియాలో గినాస్ అనే గుండం ఉంది, అదీ సున్నపురాతి నేల కూలి ఏర్పడిందే. ప్రపంచంలో ఒక సిక్లిడ్ జాతి సహజంగా ఆ ఒక్క గుండంలోనే పుట్టింది. ఒకే జాతిలో నీలివి, పసుపువి, తెలుపు నలుపు మచ్చలవి, అన్నీ కలిసి తిరుగుతాయి. దాని పొరుగున ఒట్జికోటో అనే ఇంకో గుండం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో లొంగిపోయే ముందు జర్మన్ సైనికులు తమ ఆయుధాలను దాంట్లో పడేశారు. ఆ గుండంలోకి తర్వాత మొజాంబిక్ తిలాపియాను కూడా తెచ్చి వదిలారు. ఆయుధాల్లో కొన్నిటిని తర్వాత వెలికి తీశారు, మిగిలినవి అడుగున కదలకుండా పడి ఉన్నాయి. తిలాపియా అలా ఊరుకోదు. గినాస్ చేప ఇప్పుడు అంతరించే అంచున ఉన్న జాతుల్లో ఒకటి. ఇల్లు ఒక్కటే అయినవాళ్లకు పారిపోయే చోటు ఉండదు.

అందుకని చేతులు జోడించి అడుగుతున్నాను. బావిలో చేపను పట్టి చెరువులో వేయకండి, చెరువుది తెచ్చి బావిలో వేయకండి. ఇంట్లో అక్వేరియం మీద మోజు తీరిపోతే ఆ చేపల్ని పుణ్యమనుకుని వాగులో వదలకండి. నాచు తింటుందని కొనుక్కున్న సక్కర్ చేప ఈ రోజు మన చెరువుల్లో వలలు ఎలా చింపుతోందో వెనక కూర్చున్నవాళ్లను అడగండి.

బావుల గురించి కూడా చెప్పాలి. ఆ దిగుడు బావికి ఈ ఏడాది వర్షాల ముందు మళ్లీ వెళ్లాను. ఒక పక్క నుంచి కూల్చిన ఇళ్ల మట్టి, ప్లాస్టిక్ సంచులు పోస్తున్నారు. మూడో మెట్టు మీద గూళ్లు లేవు. పై రెండు మెట్లు చెత్త కింద ఉన్నాయి. నేను ఎవరినీ నిందించడం లేదు. నీరు తోడని బావి ఊరికి గొయ్యిలాగే కనిపిస్తుంది, పిల్లలు పడతారన్న భయమూ న్యాయమే. కానీ కంచె వేయడానికి, పూడ్చడానికి తేడా ఉంది. హైదరాబాద్ బన్సీలాల్‌పేటలో చెత్తతో నిండిపోయిన మెట్ల బావిని తవ్వి, శుభ్రం చేసి, 2022లో మళ్లీ తెరిచారు. వెళ్లి చూడండి, మెట్లు మెట్లుగా నీరు కనిపిస్తుంది. అక్కడ చేసిన పని ఇక్కడ ఎందుకు కాదు? ఈ కళాశాలలో ఒక్కో విద్యార్థి తన ఊళ్లో ఎన్ని బావులున్నాయి, ఎన్నింటిలో నీరుంది, ఎన్నింటిలో చేప ఉంది అని రాసుకొస్తే, ఈ జిల్లా బావుల చిట్టా మన చేతిలో ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని కలెక్టరు గారి దగ్గరికి నేను వస్తాను.

నా మాటలు ఇంతే. అడగదలచుకున్నవాళ్లు అడగండి.

(ఒక విద్యార్థిని: ఏ వాగూ కలవని బావిలోకి తిలాపియా ఎలా వచ్చింది సార్? కొంగల కాళ్లకు గుడ్లు అంటుకుని వస్తాయని విన్నాను.)

మంచి ప్రశ్న అమ్మా. కొన్ని చేపల విషయంలో అలా అంటారు. కానీ దీని గుడ్లు దేనికీ అంటుకుని ఉండవు, తల్లి నోట్లో ఉంటాయి. కాబట్టి ఎవరో తెచ్చి వేసి ఉండాలి, లేదా కాలువ నీళ్లతో వచ్చి ఉండాలి. జంట కూడా అక్కర్లేదు. నోట్లో పిల్లలున్న ఒక్క తల్లిని బిందెలో వేసి తెచ్చినా చాలు, రెండేళ్లలో బావి నిండుతుంది. ఈ చేప ఇన్ని దేశాల్లో నిలదొక్కుకోవడానికి అదే పెద్ద కారణం.

(మత్స్య సహకార సంఘం సభ్యుడు ఒకరు: సార్, మీరు చెప్పిన ఆ తల్లి చేప వలలో పడితే, పైకి తీయగానే పిల్లల్ని నీళ్లలోకి కక్కేస్తుంది. చాలాసార్లు చూశాం. కక్కాక కొన్ని పిల్లలు దూరం పోవు, వల చుట్టూనే తిరుగుతాయి.)

ఆగండి, ఇది రాసుకోవాలి. వల చుట్టూనే తిరుగుతాయా? ఎంతసేపు?

(ఎప్పుడూ లెక్క పెట్టలేదు సార్. మేం వల దులిపి వెళ్లిపోతాం.)

ఏ నెలలో ఎక్కువ చూస్తారు?

(ఉగాది దాటాక. పానగల్లు ఉదయసముద్రంలో పొద్దున్నే వల ఎత్తేటప్పుడు.)

ఈసారి వల దులిపాక పావుగంట ఆగుదాం. నేను వస్తాను. మీ పుట్టిలో నాకూ ఒక విద్యార్థికీ చోటు ఉంటుందా?